గాలి అక్షరాలు

తడిబట్టతో నల్లబల్ల తుడవడంలో చిన్న మాస్టారిది ఒక పద్ధతి. పైనుంచి కిందికి, ఒక పట్టీ పక్కనే ఇంకో పట్టీ, గోడకి సున్నం వేసే మనిషిలా తుడుస్తారు. బల్ల ఆరేలోపు కిటికీ రెక్కలు తీస్తారు. పొట్టి బల్లల వరస సరిచేస్తారు. సుద్దముక్కల్లో పొడుగువి ఏరి పిల్లల కోసం పక్కన పెట్టి, అరిగిపోయినవి తన చొక్కా జేబులో వేసుకుంటారు. ఆ జేబు అడుగున ఎప్పుడూ పిండిలా సుద్దపొడి ఉంటుంది. ఉతికేముందు జేబు తిరగేసి దులుపుతూ ఆయన భార్య, "మా ఆయన సంపాదన" అంటుంది.

ఆ సోమవారం కూడా అన్నీ వరసగా చేశారు. ఒక్కటే తప్పింది. రోజూ బల్ల తుడుస్తూ గొంతు సవరించుకునేవారు. ఆ రోజు సవరించుకోలేదు.

డాక్టరు వద్దన్నాడు.

డాక్టరు ఇంకా చాలా చెప్పాడు. గొంతులో మాట పుట్టేచోట చిన్న కాయ లేచిందన్నాడు. అది మంచి కాయ కాదన్నాడు. ఆదివారం ఆసుపత్రిలో చేరితే సోమవారం కోసి తీసేస్తాననీ, అప్పటిదాకా నోరు విప్పొద్దనీ, ఆడిన ప్రతి మాటకీ ఆ కాయ ఒరుసుకుంటుందనీ చెప్పాడు. తర్వాత గొంతు మిగులుతుందా అని మాస్టారు అడిగారు. మిగలొచ్చు, మిగలకపోవచ్చు అన్నాడు. వారం రోజులు మాట్లాడకుండా ఉండగలరా అని మాత్రం ఆయన్ని అడగలేదు. పక్కన కూర్చున్న భార్యని అడిగాడు.

"ఎవర్ని అడగాలో డాక్టరుకి బాగా తెలుసు," అంది ఆమె బయటికొచ్చాక.

ఆమె దర్జీ. ఇంటి ముందుగదిలో కుట్టుమిషను, దాని చుట్టూ ఊరివాళ్ళ బట్టలు. సెలవు పెట్టమంది. ఆయన తలూపారు. తీరా సోమవారం పొద్దున చూస్తే సుద్దజేబు చొక్కా తొడుక్కుని, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తున్నారు. ఆమె గుమ్మానికి అడ్డం నిలబడింది. ఆయన చేత్తో బడివైపు చూపించి, వేలితో పెదాలు మూసుకున్నారు. వెళ్తాను గానీ మాట్లాడనని అర్థం.

"ఒకటో తరగతికి వెళ్ళి నోరు మూసుకుంటారా. వంటింట్లోకి వెళ్ళి వాసన చూడనన్నట్టుంది," అని పక్కకి తప్పుకుంది. ఆయన వెళ్ళకుండా ఆగరని ఆమెకి తెలుసు. ఎందుకాగరో కూడా తెలుసు.

అది గాలి అక్షరాల వారం.

ఆ పేరు ఆయన పెట్టిందే. క పక్కన ఖ, గ పక్కన ఘ, ప పక్కన ఫ ఉంటాయి కదా, ఒత్తి పలకాల్సిన అక్షరాలు, వాటినే ఆయన గాలి అక్షరాలంటారు. ఊళ్ళో చాలామంది ఆ ఒత్తుని మింగేస్తారు. రాసేటప్పుడు పెడతారు, పలికేటప్పుడు వదిలేస్తారు. చిన్న మాస్టారికి అది గిట్టదు. అందుకని పిల్లల నోటి ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకుని, ముందు క అనమంటారు. కాగితం కదలదు. ఖ అనమంటారు. కాగితం ఎగురుతుంది. ఎగిరితే ఒత్తు ఉన్నట్టు, ఎగరకపోతే లేనట్టు. ఇంతకంటే పెద్ద శాస్త్రం ఆయనకి తెలియదు. కానీ ఆ కాగితం ఎగిరినప్పుడు పిల్లల మొహంలో వెలిగే వెలుగు కోసం ఏడాదంతా ఎదురుచూస్తారు. ఆ వారం ఇంకొకళ్ళ చేతిలో పెట్టడం ఆయన వల్ల కాలేదు.

చిన్న మాస్టారంటే మనిషి చిన్నవాడనుకునేరు. గుమ్మం దాటాలంటే తల వంచాల్సిన పొడవు. సన్నటి మెడ, ఆ మెడలో మింగినప్పుడల్లా ఎక్కి దిగే గొంతుముడి, నేరేడు రంగు పెదాలు. మోకాళ్ళ దగ్గర ప్యాంటు ఎప్పుడూ మాసిపోయి ఉంటుంది, ఎందుకంటే పిల్లలతో మాట్లాడాలంటే ఆయన మోకాళ్ళ మీద కూర్చుంటారు. చిన్నవాళ్ళకి చెబుతారు కాబట్టి చిన్న మాస్టారయ్యారు. ఒకసారి పై తరగతికి మార్చారు. అక్కడ మీసాలొస్తున్న కుర్రాళ్ళ ముందు కూడా అలవాటు కొద్దీ మోకాళ్ళ మీద కూర్చున్నారు. వాళ్ళు పగలబడి నవ్వారు. మళ్ళీ ఒకటికి పంపేశారు. ఆయనకి పోయిన ప్రాణం లేచొచ్చింది. అప్పట్నుంచీ కదల్లేదు.

సోమవారం బాగానే గడిచింది. పిల్లలు రాగానే ఆయన పెదాల మీద వేలు పెట్టుకున్నారు. వాళ్ళూ పెట్టుకున్నారు. ఇదేదో కొత్త ఆట. తరగతిలో 'ఎందుకు' అనే పిల్లాడున్నాడు. అసలు పేరు వేరే ఉంది గానీ, ఏం చెప్పినా వాడు ఎందుకు అంటాడు కాబట్టి అదే పేరైపోయింది. వాడు మాత్రం వేలు తీసి ఎందుకని అడిగాడు. మాస్టారు గొంతు చూపించి, రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని కళ్ళు మూశారు. గొంతు నిద్రపోతోంది. వాడికి నచ్చింది. మిగతావాళ్ళ దగ్గరికి వెళ్ళి, మాస్టారి గొంతు నిద్రపోతోంది, లేపకండి అని ఒక్కొక్కరికీ చెప్పి వచ్చాడు.

ఆ రోజు బంకమట్టి. మట్టిని పాముల్లా పొడుగ్గా చేసి, ఆ పాముల్ని వంచి అక్షరాలు చేశారు. బయట సన్నటి వాన. గదిలో తడి మట్టి వాసన, పిల్లల జుట్టు వాసన, బల్లల మీద చిన్న అరచేతులు తట్టే మెత్తటి చప్పుడు. మాస్టారు వరసల మధ్య తిరుగుతుంటే నీళ్ళ అడుగున నడుస్తున్నట్టుంది. ఇన్నేళ్ళూ ఇంత అరిచానెందుకా అనిపించింది.

మంగళవారం లెక్కలు. భార్య దగ్గర్నుంచి డబ్బా నిండా గుండీలు తెచ్చారు. ఎరుపు ఒక కుప్ప, తెలుపు ఒక కుప్ప. ఈ కుప్పలోంచి అందులోకి, అందులోంచి ఇందులోకి. దానికీ మాట అక్కర్లేదు. ఒక గుండీ తగ్గింది. బల్లల కింద వెతికారు, సంచులు దులిపారు, జేబులు తడిమారు. చివరికది 'ఎందుకు' ముక్కులో దొరికింది. బడి ఆయమ్మ వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని, మిరియాలపొడి వాసన చూపించి తుమ్మించింది. గుండీ వచ్చి ఆమె చెంపకి తగిలింది. ఎందుకు పెట్టుకున్నావురా అని ఆమె అడిగింది. జీవితంలో మొదటిసారి ఆ ప్రశ్న తనకే ఎదురయ్యేసరికి వాడు బిక్కమొహం వేశాడు.

బుధవారం వచ్చింది. బుధవారం అక్షరాలు.

మాస్టారు నల్లబల్ల మీద క రాశారు. పక్కన ఖ రాశారు. కాగితం ముక్క తీసి నోటి ముందు పట్టుకున్నారు. పిల్లలంతా మెడలు చాచారు. ఇక్కడ సైగ పనికిరాదు. అక్షరాన్ని చేత్తో చూపించొచ్చు, చేత్తో పలకలేం. మెల్లగా, గొంతు తగలకుండా, గుసగుసగా అంటే ఏమవుతుంది. గుసగుస మాట కాదుగా. డాక్టరు గుసగుస వద్దనలేదు.

"క," అన్నారు.

కాగితం ఎగిరింది.

కిటికీ తెరిచి ఉంది, అందుకనుకున్నారు. వెళ్ళి మూసి వచ్చారు. మళ్ళీ క అన్నారు. మళ్ళీ ఎగిరింది. గుసగుస కదా, గుసగుసంటే అంతా గాలే అని సర్దుకుని ఖ లోకి వెళ్ళిపోయారు. అది ఇంకాస్త ఎగిరింది.

పిల్లలు గుసగుసలోనే తిరిగి పలికారు. వినబడదు కాబట్టి బల్లలు వదిలి దగ్గరికి వచ్చారు. ఆయన మోకాళ్ళ చుట్టూ నేలమీద చేరారు. ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళ గడ్డం. పొద్దుటి వెలుతురు మబ్బుల్లోంచి పాలరంగులో పడుతోంది. ఆయన ఒక అక్షరం ఊదుతారు. అంతమందీ అదే అక్షరం ఊదుతారు. వెచ్చటి గాలి వచ్చి ఆయన మొహానికి తగులుతుంది. అన్ని నోళ్ళ ముందూ కాగితాలు రెక్కల్లా కొట్టుకుంటున్నాయి. గది గదంతా పైకి లేచిపోతుందేమో అనిపించింది. ఇన్నేళ్ళలో మొదటి రోజే ఒత్తు అందరికీ పట్టుబడింది ఈ పిల్లలకేనని ఆయన మురిసిపోయారు.

గురువారం కూడా అదే. ఆకులకి రంగు పూసి కాగితం మీద అద్దుతూ, మధ్యలో మాటలు. పలక, గది, బడి, తాత. అన్నీ గుసగుసలే. వసారాలోంచి వెళ్తున్న పెద్ద టీచరు, బడికి పెద్ద ఆమె, ఒకటో తరగతి ఖాళీగా ఉందేమోనని తొంగిచూసింది. అంతమంది పిల్లలు చప్పుడు లేకుండా కూర్చోవడం చూసి, మెచ్చుకోలుగా తలాడించి వెళ్ళిపోయింది. మాస్టారికి ఏదో ఒక చిన్న గరుకు, చెప్పులో ఇసుకరేణువులాంటిది, చెవిలో తగులుతూనే ఉంది. వినకూడదనుకున్నదాన్ని వినకుండా ఉండటం ఏమంత కష్టం కాదు. ఆకుల రంగులు బాగా పడ్డాయి. వాటిని ఆరేశారు.

శుక్రవారం కథ చెప్పే గంటలో తాత వచ్చాడు.

తరగతిలో 'గంట' అనే పిల్ల ఉంది. రెండు జడలు, ఊడిన ముందుపళ్ళు, కంచు గొంతు. బడి విడిచే గంట కొట్టడం ఆయమ్మ మర్చిపోతే ఆ పిల్ల అరుపు చాలు. ఆమె తాత జీవితమంతా బస్సు నడిపి దిగిపోయిన మనిషి. ఇంజను పక్కన కూర్చుని కూర్చుని, మెల్లగా మాట్లాడటం ఆయనకి చేతకాదు. పెద్ద టీచర్ని వెంటబెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"మా పిల్ల అరిస్తే పక్కింటాయన తలుపేసుకుంటాడండీ. అలాంటిది మొన్నట్నుంచీ దొంగలా గుసగుసలాడుతోంది. పైగా నన్ను థాథా అంటోంది. దగ్గేమోనని ఆవిరి పట్టాను. దుప్పట్లోంచి బయటికొచ్చి, చాలు థాథా అంది."

పెద్ద టీచరు నవ్వు ఆపుకుని గంటని పిలిచింది. తాత అనమంది.

"థాథ."

పలక అనమంది.

"ఫలక."

ఎవరు నేర్పారని అడిగింది. ఆ పిల్లకి ప్రశ్న అర్థం కాలేదు. మాస్టారి వైపు చూసింది. "మాస్టారు అలాగే కదా అంటారు," అంది.

పెద్ద టీచరు తరగతివైపు తిరిగి, అందరూ ఒకసారి బడి అనండి అంది.

"భడి," అంది తరగతి.

చిన్న మాస్టారు అప్పుడు విన్నారు. మన గొంతు మనకి లోపలినుంచి వినబడుతుంది. అది బాగానే ఉంటుంది. ఇప్పుడది బయటినుంచి వచ్చింది. అంతమంది పసినోళ్ళలోంచి ఒకే బొంగురు, ఒకే చిరుగు, మాట మధ్యలో జారిపోయే ఒకే గాలి. ఒక్కరు కూడా తప్పు పలకలేదు. ఆయన పలికింది పలికినట్టు, అక్షరం పొల్లుపోకుండా పలికారు. చినిగిన డప్పుని ఎవరో అన్నివైపులనుంచీ వాయిస్తున్నట్టుంది. 

"మీరొకసారి అనండి మాస్టారూ," అంది పెద్ద టీచరు.

ఆయన నోరు తెరిచారు. గుసగుసగా కాదు, మామూలుగానే అందామని ప్రయత్నించారు. గాలి వచ్చింది. అంతే వచ్చింది.

పెద్ద టీచరు తాత వైపు తిరిగి, దగ్గు కాదనీ, రేపటికి సర్దుకుంటుందనీ, ఆవిరి మాత్రం ఇక పట్టొద్దనీ చెప్పి పంపేసింది. తర్వాత మాస్టార్ని వసారాలోకి పిలిచింది. ఏమైందని అడిగింది. ఆయన గొంతు మీద వేలు పెట్టి, రెండు వేళ్ళతో కత్తెరలా చూపించారు. ఎప్పుడని అడిగింది. గోడకున్న వారాల పటంలో సోమవారాన్ని చూపించారు. ఆమె మొహం ఎర్రబడింది. పోట్లాటకి దిగినట్టు చాలా మాటలంది. చెప్పాలి కదా అంది, పిల్లలకోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటారా అంది, ఇప్పుడే ఇంటికి నడవమంది. కొత్త టీచరు వస్తుంది, ఆవిడే సరిచేస్తుందంది.

ఆయన తల అడ్డంగా ఊపారు. ఊపుతూనే ఉన్నారు. చెప్పాలనుకున్నది చెప్పడానికి నోరు లేదు. కొత్త టీచరు వస్తుంది. పిల్లలు పలక చూపించి ఫలక అంటారు. తప్పు అంటుంది ఆవిడ. ఇంకొకటి అంటారు. తప్పు. ఆమె నోట వాళ్ళు వినే మొదటి మాట అదే అవుతుంది. ఏ తప్పూ చెయ్యని పిల్లలు. ఆ మాట వాళ్ళ చెవిన పడకముందే తాను పాడుచేసింది తానే బాగుచెయ్యాలి. ఆయన ఒక్క వేలు చూపించారు. ఒక్క రోజు.

పెద్ద టీచరు ఆ వేలు పట్టుకుని కిందికి దించింది.

"సరే, రేపొక్క పూట. పక్క గదిలోనే ఉంటాను. మీ నోట ఒక్క మాట వినబడిందో, చెయ్యి పట్టుకుని గేటు దాటిస్తాను. నవ్వకండి, నిజంగానే."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి కబురు ఆయనకంటే ముందే చేరింది.   భార్య మిషను ఆపి, బట్ట కత్తిరించే ముందు కొలతలకి వాడే పల్చటి కాగితం చుట్ట తీసింది. పెద్ద కత్తెరతో దాన్ని సన్నటి ముక్కలుగా కత్తిరించడం మొదలుపెట్టింది. ఆయన ఎదురుగా కూర్చుని ముక్కల్ని వరసగా పేర్చారు.

"మీ కాగితాలు మందం. అవి మొహమాటపడతాయి," అంది తలెత్తకుండా. "ఇవి అబద్ధం చెప్పవు."

శనివారం ప్రతి పిల్లకీ ఒక కాగితం ఇచ్చారు. ఇచ్చి, తన కాగితాన్ని అరచేతిలో పడుకోబెట్టారు. ఇంకో చేత్తో మెల్లగా జోకొట్టారు. పిల్లలు చూశారు. కాగితం నిద్రపోతోంది. దాన్ని పెదాల దగ్గరికి తెచ్చి, నల్లబల్ల మీదున్న ప చూపించి, ఉఫ్ అని ఊదినట్టు బుగ్గలు పొంగించారు. కాగితం ఎగిరి కింద పడింది. లేచిపోయింది. ఆయన నెత్తి కొట్టుకున్నారు. పిల్లలు నవ్వారు. కాగితాన్ని లేపకుండా ప అనాలి. ఆట అది.

మొదట ఎవరికీ చేతకాలేదు. అందరూ మూడు రోజుల అలవాటుతో గుసగుసగా ఊదారు. అన్ని కాగితాలూ లేచిపోయాయి. కొన్ని కిటికీ దాకా వెళ్ళాయి. 'ఎందుకు' తన కాగితాన్ని బల్లకింద దాక్కుని పడుకోబెట్టాడు, అక్కడైతే లేవదేమోనని. మాస్టారు ఒక్కొక్కరి ముందూ మోకాళ్ళ మీద కూర్చున్నారు. వాళ్ళ చిన్న చెయ్యి తీసి వాళ్ళ గొంతు మీదే పెట్టారు. అక్కడ కదలాలి, ఇక్కడ కాదు అన్నట్టు కాగితం చూపించారు. నోటిదాకా వచ్చిన మాటని మింగేశారు. మింగినప్పుడల్లా మెడలో ముడి ఎక్కి దిగింది.

గంట వంతు వచ్చింది. ఆ పిల్ల కాగితం వైపు కళ్ళు రెండూ దగ్గరికి వచ్చేలా చూసింది. ఊపిరి బిగబట్టింది. గుసగుస వదిలేసి, తన సొంత గొంతుతో, పసిపాప పక్కన కూర్చున్నదాన్లా మెల్లగా అంది.

"పాప."

కాగితం కదల్లేదు.

మాస్టారు కదల్లేదు. గదిలో ఎవరూ కదల్లేదు. ఆ పిల్ల మళ్ళీ అంది. పాప, పలక. కాగితం హాయిగా నిద్రపోతూనే ఉంది. అప్పుడు పక్కపిల్ల అంది. దాని పక్కపిల్లాడు అన్నాడు. మాట ఒక వరసనుంచి ఇంకో వరసకి పాకింది. ఒక్కొక్క గొంతూ గుసగుసలోంచి బయటికి వచ్చి, తడి ఆరిన పిట్టలా తన రంగు చూపించింది. ఒకటి సన్నం, ఒకటి మొద్దు, ఒకటి ముక్కుతో. ఏ ఒక్కటీ ఆయనది కాదు. ఆయన నేలమీదే కూర్చుండిపోయి విన్నారు. పాప, పలక, బడి, గది. అన్ని కాగితాలూ నిద్రలో ఉన్నాయి. తర్వాత ఖ చూపించారు, ఫ చూపించారు. అన్నీ ఒక్కసారి లేచి ఎగిరాయి.

చివరికి గంటని తాత అనమన్నట్టు నల్లబల్ల చూపించారు. ఆ పిల్ల చక్కగా తాత అంది. కాగితం కదల్లేదు. అని, చెంగున ఆయన చెవి దగ్గరికి వచ్చి, "ఇంట్లో మాత్రం థాథానే అంటా మాస్టారూ. ఉలిక్కిపడతాడు," అంది.

పక్క గదిలోంచి పెద్ద టీచరు వచ్చింది. గుమ్మంలో నిలబడి చాలాసేపు విని, వెళ్ళి ఒక అట్టపెట్టె తెచ్చింది. కొత్తగా వచ్చిన ఆటవస్తువులట. ఇవాళే విప్పుదాం అంది. అందులో మడతపెట్టిన నీలం సంచిలాంటిదొకటి ఉంది. గాలి ఊదితే భూగోళం అవుతుంది. ఊదే పంపు మాత్రం పెట్టెలో లేదు. ఆయమ్మ ప్రయత్నించి, కళ్ళు తిరిగి కూర్చుంది.

మాస్టారు చెయ్యి చాచారు. పెద్ద టీచరు వద్దన్నట్టు చూసింది. డాక్టరు మాట వద్దన్నాడు, గాలి వద్దనలేదు. ఆయన బిరడా తీసి, గొట్టం పెదాల మధ్య పెట్టుకున్నారు. తొందరపడలేదు. ఒక్కో ఊపిరీ తీసి, కాస్త ఆగి, వదిలారు. నీలం ముడతలు మెల్లగా విచ్చుకున్నాయి. ముందు సముద్రాలు లేచాయి. తర్వాత పచ్చటి నేల ఒకటి మడతలోంచి బయటపడింది. తర్వాత ఇంకొకటి. మంచు ముక్కలు, కొండలు, సన్నటి నదులు ఒకదాని తర్వాత ఒకటి ఆయన ఊపిరికి లేచి నిలబడ్డాయి. పిల్లలు నోళ్ళు తెరిచి చూస్తున్నారు. బిరడా బిగించి ఇచ్చేసరికి వాళ్ళ చేతులు దాని చుట్టూ సరిపోలేదు.

మన ఊరెక్కడని 'ఎందుకు' అడిగాడు. మాస్టారు తిప్పి తిప్పి వెతికి, బిరడాకి కొంచెం పక్కన సుద్ద అంటిన వేలు ఆనించారు. ఆయమ్మ దాన్ని కిటికీ పక్కన కొక్కేనికి వేలాడదీసింది.

ఆదివారం మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళారు. సోమవారం పొద్దున చక్రాల మంచం వచ్చింది. ఆయన భార్య పేరులో ఒక ఒత్తు ఉంది. పుట్టింటివాళ్ళు, అత్తింటివాళ్ళు, బట్టలు కుట్టించుకునేవాళ్ళు, అందరూ దాన్ని మింగేసే పిలిచేవారు. పెళ్ళిచూపుల్లో పేరు తెలుసుకుని, దాన్ని పూర్తిగా, గాలితో సహా పలికిన మొదటి మనిషి ఆయనే. నా పేరు ఇదా అని ఆ రోజు ఆమెకి కొత్తగా అనిపించింది. ఆ పిలుపుకే ఒప్పుకున్నానని తర్వాత ఎన్నోసార్లు వేళాకోళం చేసేది. ఇప్పుడు తలుపు దాకా మంచం పక్కనే నడిచింది. తలుపు దగ్గర నర్సు ఆమెని ఆపింది. ఆయన తల తిప్పి ఆమెని పిలిచారు. మాట్లాడొద్దని ఆమె వేలు చూపించేలోపే పిలిచేశారు. పేరు వినబడలేదు. అందులోని ఒత్తు ఒక్కటే వినబడింది. ఆమె వచ్చానన్నట్టు తలూపింది. తలుపులు మూసుకున్నాయి.

కాయ మొత్తం వచ్చేసిందని డాక్టరు చెప్పాడు. మర్నాడు ఆయన కళ్ళు తెరిచి, భార్య చేతి మీద వేలితో ఏవో అక్షరాలు రాశారు. ఆమెకి చక్కిలిగింత పుట్టి చెయ్యి లాక్కుంది. బుధవారం తెల్లవారుతుండగా ఆయన గుండె నిద్రలో ఆగిపోయింది. పక్కన కుర్చీలో కునుకు తీస్తున్న ఆమెకి ఏ చప్పుడూ వినబడలేదు.

బడిలో ఆ సంగతి పెద్ద టీచరే పిల్లలకి చెప్పింది. నేలమీద వాళ్ళ మధ్య కూర్చుని చెప్పింది. ఆ రోజు 'ఎందుకు' ఏమీ అడగలేదు.

తర్వాతి వారం కొత్త టీచరు వచ్చింది. మెత్తటి గొంతు, కొత్త చెప్పులు, కాస్త బెదురు. పుస్తకం తెరిచి, పలక బొమ్మ చూపించి ఇదేమిటని అడిగింది. పలక అన్నారు. ఫలం అనే మాట చూపించింది. గాలితో సహా అన్నారు, ఆమె ముంగురులు కదిలేలా అన్నారు. ఆమె నవ్వింది. చాలా బాగుంది అంది. వాళ్ళు ఆమె నోట విన్న మొదటి మాట అది.

పండగ సెలవులు వచ్చి వెళ్ళాయి. తిరిగి బడి తెరిచిన రోజు, కిటికీ పక్కన వేలాడుతున్న భూగోళం కాస్త మెత్తబడినట్టు కొత్త టీచరు గమనించింది. కొక్కెం మీంచి దింపి, ఒళ్ళో పెట్టుకుని, గోటితో బిరడా అంచు పట్టుకుంది. కొంచెం గాలి పట్టిద్దామనుకుంది. గంట వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"తియ్యకండి టీచర్. మాస్టారి గాలి పోతుంది."

మెల్లగానే అంది. ఆ పిల్ల అంత మెల్లగా మాట్లాడటం కొత్త టీచరు ఎప్పుడూ వినలేదు. బిరడా మీంచి చెయ్యి తీసి, లేచి, దాన్ని మళ్ళీ కొక్కేనికి తగిలించింది.

అది అక్కడే ఉంది. కిటికీలోంచి గాలి వచ్చినప్పుడల్లా మెల్లగా అటూ ఇటూ తిరుగుతుంది. ఒక పక్క సొట్టపడింది, సముద్రాల మీద సన్నటి ముడతలు లేచాయి, బిగించిన బిరడా పక్కన ఒక వేలిముద్ర ఇంకా తెల్లగా ఉంది.